ఇయర్‌ఫోన్స్ పెట్టకపోయినా పెట్టినట్టు చూపిస్తోందా? ముందు జాక్ సంగతి చూడండి

[తెర మీద: ఖాళీ హెడ్‌ఫోన్ జాక్ దగ్గరగా. తర్వాత ఫోన్ పైఅంచున వెలుగుతున్న హెడ్‌ఫోన్ గుర్తు.]

ఈ ఫోన్‌కి ఏమీ తగిలించి లేదు. మీరే చూడండి, జాక్ ఖాళీ. కానీ పైన మాత్రం హెడ్‌ఫోన్ గుర్తు దర్జాగా కూర్చుంది. పాట పెడితే వినపడదు. కాల్ ఎత్తితే అవతలివాళ్ల మాట మనకి రాదు, ఒక్కోసారి మన మాట కూడా వాళ్లకి చేరదు. ఎందుకంటే ఫోన్ స్పీకర్‌తో పాటు మైకుని కూడా లేని హెడ్‌సెట్‌కి అప్పగించేసింది.

స్పీకర్ పోయిందేమోనని టెన్షన్ పడకండి. ఒక అలారం పెట్టి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు హెడ్‌ఫోన్స్ ఉన్నా సరే అలారాన్ని స్పీకర్‌లో కూడా మోగిస్తాయి. అలారం మోగి, పాట మోగలేదంటే స్పీకర్ నిక్షేపంలా ఉంది. ఫోనే వాపును చూసి బలుపనుకుంటోంది. ఈలోగా అర్జెంటు కాల్ వస్తే, కాల్ తెర మీద లౌడ్‌స్పీకర్ గుర్తు నొక్కి మాట్లాడండి.

జాక్ జోలికి వెళ్లే ముందు ఒక్క నిమిషం. బ్లూటూత్ ఆపి చూడండి. పక్కగదిలో చార్జింగ్ పెట్టిన ఇయర్‌బడ్స్‌కో, ఎప్పుడో కలిపి మర్చిపోయిన స్పీకర్‌కో శబ్దం వెళ్తూ ఉండొచ్చు. నవ్వకండి, నాకూ జరిగింది. పావుగంట టార్చి వేసుకుని జాక్‌లోకి తొంగిచూశాక గుర్తొచ్చింది. పాట నడుస్తుండగా వాల్యూమ్ బటన్ నొక్కితే శబ్దం ఎటు పోతోందో చాలా ఫోన్లలో అక్కడే కనిపిస్తుంది. ఐఫోన్ అయితే కంట్రోల్ సెంటర్‌లో, పాట పేరున్న పెట్టెలో చూడొచ్చు.

[తెర మీద: జాక్ అడ్డుకోత బొమ్మ. లోపల లోహపు రేకులు, వాటి మీదుగా జారుతున్న పిన్ను.]

బ్లూటూత్ కాదని తేలింది. ఇక అసలు కథ.

3.5 మిల్లీమీటర్ల పిన్నుని చూస్తే నల్ల గీతలు కనిపిస్తాయి కదా. మైకున్న ఇయర్‌ఫోన్స్‌కి మూడు గీతలు, అంటే నాలుగు లోహపు భాగాలు. ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్ (అంటే మిగతా మూడింటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగొచ్చే దారి), మైకు. జాక్ లోపల వీటిని తాకడానికి సన్నటి స్ప్రింగు రేకులుంటాయి. వాటితో పాటు ఇంకో రేకు ఉంటుంది. దాని పని ఒక్కటే, పిన్ను వచ్చిందా లేదా అని చెప్పడం. పిన్ను దూరగానే కొన్ని జాక్‌లలో ఆ రేకు పక్కదాన్ని తాకుతుంది, కొన్నింటిలో విడిపోతుంది. ఫోన్‌కి తెలిసేది అంతే. హెడ్‌ఫోన్స్‌ని అది చూడదు, ఆ రేకు చెప్పిందే వేదం.

ఇప్పుడు అక్కడ జేబులోని నూగు ఇరుక్కుందనుకోండి, రేకు వెనక్కి రాలేదు. తడి చేరిందనుకోండి, విడిగా ఉండాల్సిన రెండింటికీ మధ్య కరెంటు పాకుతుంది. చెమటకైతే ఉప్పు కూడా తోడు. రేకు వంగిపోయినా, తుప్పు పట్టినా ఇదే గోల.

కొందరికి ఇంకో చిత్రం ఎదురవుతుంది. పాట దానంతటదే ఆగిపోతుంది, వాయిస్ అసిస్టెంట్ పిలవకుండానే ప్రత్యక్షమవుతుంది. దీనికీ కారణం ఉంది. హెడ్‌సెట్ తీగ మీది బటన్లకి వేరే తీగలుండవు. ఒక్కో బటన్ మైకు తీగని ఒక్కో నిరోధంతో, అంటే కరెంటుకి ఒక్కో కొలత అడ్డుతో, గ్రౌండ్‌కి కలుపుతుంది. ఆ కొలతే ఓమ్‌లు. ఆండ్రాయిడ్ లెక్క ప్రకారం ప్లే, పాజ్ బటన్‌కి దాదాపు సున్నా ఓమ్‌లు, వాయిస్ కమాండ్‌కి 135, వాల్యూమ్ పెంచడానికి 240, తగ్గించడానికి 470. జాక్‌లో తడి ఉంటే నిరోధం నిలకడగా ఉండదు. అది వీటిలో దేనికి దగ్గరగా వస్తే ఆ బటన్ నొక్కినట్టే. మీ ఫోన్ ఇలా చేస్తోందంటే దయ్యమూ కాదు, వైరసూ కాదు, తడి అయ్యే అవకాశం ఎక్కువ.

[తెర మీద: పిన్నుని జాక్‌లో పెట్టి తీస్తున్న చేతులు.]

బాగుచేయడం మొదలుపెడదాం. ఇయర్‌ఫోన్స్ పిన్ను పూర్తిగా పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఒక పదిసార్లు చేయండి. పెట్టినప్పుడు వేళ్లతో కొంచెం గుండ్రంగా తిప్పండి. మొరటు వైద్యంలా ఉంటుంది గానీ, రేకు మీది మురికి ఈ రాపిడికి పోతుంది, అతుక్కున్న రేకు కదులుతుంది. గుర్తు పోయిందా? మీ పని అయిపోయినట్టే. పోయి మళ్లీ వచ్చిందా? అదీ మంచి కబురే, లోపం జాక్‌లోనే ఉందని తేలింది.

తర్వాత ఫోన్ ఆపేయండి. టార్చి వేసి లోపలికి చూడండి. నూగు కనిపిస్తే చెక్క టూత్‌పిక్‌తో అంచు నుంచి మెల్లగా పైకి లాగండి, లోపలికి కుక్కకండి. సూది, పిన్నీసు, సిమ్ తీసే పిన్ను, ఇవేవీ వద్దు. రేకు వంగిందంటే పది నిమిషాల పని రిపేరు దాకా పోతుంది. ఒత్తిడితో గాలి నింపిన స్ప్రే డబ్బా ఉంటే నిటారుగా పట్టుకుని చిన్న చిన్న విడతలుగా కొట్టండి. నోటితో మాత్రం ఊదొద్దు, మన ఊపిరిలోనూ తడి ఉంటుంది.

జిడ్డు, తుప్పు అనుమానం ఉంటే కాటన్ బడ్ దూది సగం పీకేసి సన్నగా చేయండి. 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, లోపల ఒకటి రెండుసార్లు తిప్పి తీయండి. కారేంత తడి ఉండకూడదు. పూర్తిగా ఆరాకే ఫోన్ ఆన్ చేయండి.

ఫోన్ నీళ్లలో పడితే జాక్ కిందికి ఉండేలా పెట్టి, ఒక పూట గాలికి వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వేడి వద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం కూడా వద్దు. బియ్యపు నలుసులు లోపలికి పోతే కొత్త తలనొప్పి. ఆపిల్ కూడా ఐఫోన్లను బియ్యంలో పెట్టొద్దనే చెబుతుంది. వాటర్ రెసిస్టెంట్ ఫోన్‌లోనూ జాక్ రంధ్రంలో నీరు నిలుస్తుంది. ఆ నీరు ఫోన్ లోపలికి పోదంతే.

[తెర మీద: టైప్‌-సి పోర్టు.]

జాక్ లేని ఫోన్లకి ఈ బాధ లేదనుకోకండి. టైప్‌-సి పోర్టులో 24 కాంటాక్టులుంటాయి. అందులో సీసీ అనే రెండు, ఏం తగిలించారో ఫోన్‌కి చెబుతాయి. ఆ రెండూ సుమారు 1,000 ఓమ్‌లతో గ్రౌండ్‌కి కలిస్తే ఆడియో అడాప్టర్ అని లెక్క. అక్కడ తడో మురికో చేరి ఆ లెక్కకి వస్తే మళ్లీ అదే తంతు. శుభ్రం చేసే పద్ధతీ అదే, కాకపోతే మధ్యలో ఉన్న సన్నటి పలకని కదిలించకండి. ఆరే వరకు చార్జర్ పెట్టకండి.

ఇక సాఫ్ట్‌వేర్. రీస్టార్ట్ ఎలాగూ చేస్తారు. అప్పటికీ గుర్తు ఉంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి, అందులో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. చాలా ఫోన్లలో పవర్ మెనూలో పవర్ ఆఫ్‌ని నొక్కిపట్టుకుంటే వస్తుంది. అక్కడ గుర్తు పోతే ఏదో యాప్ శబ్దాన్ని దారి మళ్లిస్తోంది. ఈక్వలైజర్లు, ఎఫ్ఎం రేడియో, కాల్ రికార్డర్లు, వీటిలో ఈమధ్య వేసుకున్నదాన్ని తీసేసి చూడండి. సేఫ్ మోడ్‌లోనూ గుర్తు ఉంటే నింద యాప్‌ల మీద వేయలేం.

ఫ్యాక్టరీ రీసెట్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను చెప్పను. ఇరుక్కున్న నూగుని ఏ రీసెట్టూ తీయలేదు. ఫొటోలు, చాట్‌లు పోగొట్టుకుని చూస్తే ఆ గుర్తు అక్కడే ఉంటుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

ఇవన్నీ చేసినా కదలకపోతే రేకు విరిగి ఉండొచ్చు, లేదా పిన్ను కొన విరిగి లోపలే ఉండిపోయి ఉండొచ్చు. ఆ కొనని జిగురు పూసిన పుల్లతో లాగే ప్రయోగం చేయకండి. జిగురు రేకులకి అంటితే జాక్ మొత్తం పోతుంది. రిపేరుకి ఇచ్చేటప్పుడు, జాక్ విడిగా చిన్న బోర్డు మీద ఉందా, మెయిన్ బోర్డుకే అతికి ఉందా అని అడగండి. విడిగా ఉంటే మార్చడం తేలిక. మెయిన్ బోర్డు మీద టంకం పని అయితే, మైక్రోస్కోప్ కింద అలవాటుగా చేసేవాళ్లకే ఇవ్వండి.

[తెర మీద: గుర్తు లేని పైఅంచు. పిన్ను పెట్టగానే గుర్తు రావడం, తీయగానే పోవడం.]

ఫోన్ చేతికొచ్చాక అక్కడే పరీక్షించండి. ఇయర్‌ఫోన్స్ మూడుసార్లు పెట్టి తీయండి, ప్రతిసారీ గుర్తు వచ్చి పోవాలి. తర్వాత ఒక కాల్ చేసి, పిన్ను లేకుండా మీ మాట అవతలికి వినపడుతోందో లేదో అడగండి. మైకు సంగతి చూడటం చాలామంది మర్చిపోతారు.