కారు పెళ్లి ఖర్చు, కాపురం ఖర్చు

నమస్తే అండీ. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద, శ్రీపెరుంబుదూరు దగ్గర ఉన్నాను. నా వెనకాల కొత్త కార్లు ఎక్కించుకున్న ట్రైలర్ లారీలు వరసగా పోతున్నాయి. హారన్లు పడితే కాస్త సర్దుకోండి.

కార్ల కంపెనీల కాలుష్యం గురించి ఎవరితో మాట్లాడినా ఒకటే జవాబు: "వాళ్లు మారారు కదా, ఫ్యాక్టరీ మీద సోలార్ పెట్టారు, మొక్కలు నాటారు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. సోలార్ మంచిదే. కానీ అది పెళ్లి ఖర్చులో మిగిలిన డబ్బు. అసలు ఖర్చంతా కాపురంలో ఉంది.

కారు తయారవడం పెళ్లి అనుకోండి. ఆ తర్వాత పదిహేనేళ్లు రోడ్డు మీద తిరగడం కాపురం. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముప్పావు కిలో పెట్రోలు నుంచి అంత బరువెలా? దాంట్లోని కార్బన్ గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది, ఆ బరువూ చేరుతుంది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారు లక్షన్నర కిలోమీటర్లు తిరిగితే 10,000 లీటర్లు తాగుతుంది. అంటే 23 టన్నులు, ఒక్క కారుకి! ఫ్యాక్టరీ పైకప్పు ఎంత మెరిసినా ఇందులో ఒక్క కిలో తగ్గదు.

కాబట్టి కంపెనీ చేతిలో ఉన్న పెద్ద పని, ఎలాంటి కారు అమ్మాలో తేల్చుకోవడం. మన దేశంలో కేఫ్ నిబంధనలు, అంటే కార్ల ఇంధన వాడకానికి ప్రభుత్వం పెట్టిన హద్దులు, ఇక్కడే పట్టుకున్నాయి. ఏడాదిలో ఒక కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు లెక్కేస్తారు. 2022–23 నుంచి లక్ష్యం కిలోమీటరుకి సుమారు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. పెట్రోలు కారైతే లీటరుకి 20 కిలోమీటర్ల పైనే అన్నమాట. పెళ్లి చేసి చేతులు దులుపుకోకండి, కాపురం సంగతీ మీరే చూడండి అని చెప్పడమే ఇది. నాకు మింగుడుపడనిది ఒకటుంది. బరువైన కార్లు అమ్మే కంపెనీకి ఈ లక్ష్యం కొంత సడలుతుంది. ఒక్క మనిషి ఆఫీసుకు వెళ్లడానికి రెండు టన్నుల బండి ఎందుకండీ?

ఇక పెళ్లి ఖర్చు. పెళ్లంటే బంగారం, కారుకి బంగారం స్టీలు. మా మామయ్య ఇక్కడికి దగ్గర్లోని ఒరగడం అనే ఊళ్లో, కారు రేకులు అచ్చు కొట్టే ప్రెస్ షాపులో పనిచేస్తాడు. అక్కడ డోరు అచ్చు కొట్టడం చూశాను. రేకు మీద అచ్చు పడ్డాక, కిటికీ రావాల్సిన చోట ముక్క కత్తిరించేస్తారు. అది ఠంగుమని కింద పడుతుంది. చేతిలోకి తీసుకుంటే ఇంకా గోరువెచ్చగా, నూనె జిడ్డుతో ఉంది. ఒక్క గీత లేని కొత్త స్టీలు! కంసాలి భాషలో అది తరుగు. బొగ్గు కొలిమిలో టన్ను స్టీలు తీస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తరుగు మీదా ఆ భారం పడినట్టే. "ఈ ముక్కలోంచి చిన్న బ్రాకెట్లు కొట్టుకోవచ్చురా" అన్నాడు మామయ్య. తరుగు తగ్గించడం, మిగిలింది శుభ్రంగా వేరుచేసి కరిగించడం, ఈ రెండూ కంపెనీ రేపటి నుంచే చేయగల పనులు. అల్యూమినియంలో లాభం ఇంకా పెద్దది. పాత నగ కరిగించినట్టు స్క్రాప్ కరిగిస్తే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో 5 శాతమే ఖర్చు.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఏసీ గ్యాస్: కార్లలో బాగా వాడిన ఆర్-134ఏ ఒక్క కిలో లీకైతే, 1,400 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దీన్ని ఆపేశారు, బదులు గ్యాస్ ఉంది.

ఎలక్ట్రిక్ కారుకి పెళ్లి ఘనం, కాపురం పొదుపు. బ్యాటరీ తయారీకే బోలెడు కరెంటు కావాలి. మన కరెంటులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే. ఫ్యాక్టరీ సోలార్‌కి అసలు విలువ ఇక్కడ, బ్యాటరీ సెల్ తయారయ్యే చోట. పాత బ్యాటరీ కూడా పాత నగే, అందులోని నికెల్, కోబాల్ట్, లిథియం మళ్లీ తీయొచ్చు. అది ఎలా తీస్తారో వచ్చే వీడియోలో చూద్దాం.