సయనైడ్‌కూ ఆగని శ్వాస

సయనైడ్ తగిలితే మన కణాలు ఆక్సిజన్ ఉన్నా వాడుకోలేవు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో, ఎలక్ట్రాన్లను వరసగా చేతులు మార్చే ప్రోటీన్ల శ్వాస గొలుసు చివర ఉండే కాంప్లెక్స్ 4 ఆగిపోతుంది. అదే విషం పెట్టినా చాలా మొక్కల కణాల్లో శ్వాస పూర్తిగా ఆగదు. అందుకు కారణం ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. ల్యాబులో మేం ఏఓఎక్స్ అంటాం, ఇక్కడా అలాగే పిలుస్తాను.

మామూలు దారిలో ఎలక్ట్రాన్లు యుబిక్వినోన్ అనే వాహక అణువు నుంచి కాంప్లెక్స్ 3, 4 మీదుగా ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ రెండు మజిలీల్లోనూ మైటోకాండ్రియా లోపలి పొరకు రెండువైపులా ప్రోటాన్ల తేడా పెరుగుతుంది, దాని బలంతో కణం శక్తిగా వాడుకునే ఏటీపీ తయారవుతుంది. ఏఓఎక్స్ వాటిని తప్పించి, ఎలక్ట్రాన్లను యుబిక్వినోన్ దగ్గరే అందుకుని నేరుగా ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. నీరు తయారవుతుంది, శక్తి వేడిగా పోతుంది.

ఇంత దుబారా దేనికి? చెరువు నిండితే అలుగు పారినట్టు, అసలు దారి నిండాకే ఇది మొదలవుతుందని చాలాకాలం అనుకున్నారు. చలిలోనో, నీటి ఎద్దడిలోనో ఎలక్ట్రాన్లు పేరుకుపోతే సూపరాక్సైడ్ లాంటి హానికర ఆక్సిజన్ రూపాలు పుట్టి కణాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి ఆ ఊహ సబబుగానే తోచింది. కానీ అలుగు తనంతట తానే పారుతుంది. ఏఓఎక్స్‌కు మాత్రం అదుపు ఉందని 1993లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి.

ఈ ఎంజైమ్ అణువులు జంటగా ఉంటాయి. రెండింటిలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల మధ్య డైసల్ఫైడ్ బంధం (గంధక పరమాణువులు కలిసే బంధం) ఉన్నంతసేపూ పని దాదాపు సాగదు. థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ ఆ బంధాన్ని విడగొట్టాలి. అప్పుడు అదే సిస్టీన్‌కు, చక్కెర విరిగినప్పుడు వచ్చే పైరువేట్ అంటుకుంటే ఎంజైమ్ జోరందుకుంటుంది. పైరువేట్ పెరిగిందంటే ఇంధనం మిగిలిందనే కదా! ఇలాంటప్పుడు అసలు దారి నిండకముందే ఏఓఎక్స్ ఎలక్ట్రాన్ల కోసం పోటీకి దిగుతుంది. ఇది నిమిషాల్లో జరిగే సర్దుబాటు. ఒత్తిడి ఎక్కువసేపు ఉంటే మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి కబురు వెళ్లి, ఏఓఎక్స్ జన్యువే చురుకవుతుంది.

దీని ప్రభావం మైటోకాండ్రియాతో ఆగదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పద్మశ్రీ, రాఘవేంద్ర బఠాణీ ఆకుల కణాల మీద పనిచేశారు. ఏఓఎక్స్‌ను అడ్డుకుంటే కిరణజన్య సంయోగక్రియ కూడా తగ్గింది. వెలుతురులో క్లోరోప్లాస్టులో పోగయ్యే అదనపు శక్తిని వదిలించడంలో దీనికి వాటా ఉందన్నమాట.

అన్నిటికంటే నాకు ముచ్చటగొలిపేది తామర. బయట 10 డిగ్రీలున్నా దాని పువ్వు లోపల 30 నుంచి 35 డిగ్రీలు నిలుపుకుంటుందని 1996లో ప్రచురించారు. ఆ వేడి ఏఓఎక్స్‌దే. చిత్రమేమిటంటే తామర ఏఓఎక్స్‌లో ఆ కీలకమైన సిస్టీన్ చోట సెరీన్ అనే వేరే అమైనో ఆమ్లం ఉంది. కాబట్టి అక్కడ డైసల్ఫైడ్ బంధం కుదరదు. దాన్ని ఉరకలెత్తించేది కూడా పైరువేట్ కాదు, శ్వాసక్రియలోనే పుట్టే సక్సినేట్ అనే మరో పదార్థం.