రికార్డులో చోటు దొరకని పాము

అధ్యక్షులకు, ఈ శిక్షణ తరగతులకు విచ్చేసిన తోటి అధ్యాపకులకు నమస్కారం. నాకు కేటాయించిన సమయంలో సగం శాలువాలకే సరిపోయింది కనుక నేరుగా విషయానికి వస్తాను.

మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబులో మనం చేయిస్తున్నదేమిటి? 153 ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య అవునా కాదా (అంటే దాని అంకెల ఘనాలను కూడితే మళ్లీ 153 వస్తుందా), ఈ పదం పాలిండ్రోమా కాదా (అంటే ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటుందా) అన్న అవే ప్రోగ్రాములను సీనియర్ల రికార్డులోంచి జూనియర్లు దించుకుంటారు, మనం సంతకం పెడతాం.

ఇక నా గోడు వినండి. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) అంటేనే బెదిరిపోయే ఒక విద్యార్థి, 1997లో నోకియా 6110 ఫోనులో వచ్చిన పాము ఆటను పైగేమ్‌తో, అంటే పైథాన్ భాషలో ఆటలు రాసే సాధనంతో, రాయడానికి పూనుకున్నాడు. ముందు తలను జరిపి, ఆ తలనుంచి తోకవైపు ఒక్కొక్క ముక్కకూ దాని ముందు ముక్క ఉన్న చోటును ఇస్తూ పోవడంతో, పాము మొత్తం ఒకే గడిలో కుప్పగా పడింది. రెండు రోజులు కాగితం మీద గళ్లు గీసుకున్నాక అతనికి తట్టినదేమిటంటే, ముక్కలన్నిటినీ కదపనక్కరలేదు. ముందు కొత్త తలను చేర్చి, వెనక తోకను తీసేస్తే చాలు, మేత తిన్నప్పుడు తోకను తీయకుండా ఉంచితే పాము దానంతటదే పెరుగుతుంది. "మీరు చెప్పిన క్యూ ఇదే కదా సార్?" అని అడిగాడు. ఒక చివర చేర్చి, రెండో చివర తీసేసే వరుస, నేను రెండు వారాలు బోర్డు మీద గీసిన క్యూ అది!

వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తెర వైపైనా చూడకుండా, "ఆటలు ఇంట్లో ఆడుకో, రికార్డులో ఉన్నది రాయి" అన్నారు. అక్కడే ఉండి నేను నోరు మెదపలేదు. ఆ తప్పు నాదే.

ఆట అనగానే చులకన ఎందుకండీ? 1962లో ఎంఐటీలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 అనే కంప్యూటరు మీద రాసిన స్పేస్‌వార్ కూడా ఆటే. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రోగ్రాములో తప్పున్నా 153కి సరైన జవాబు వచ్చిందంటే చాలు, మరి వెతికేవారుండరు. ఆటలోనైతే తప్పు కళ్లెదుట కుప్పపడుతుంది. బొమ్మలకు రంగులద్దడంలోనే సెమిస్టరు గడిచిపోయే ప్రమాదం లేకపోలేదు. అందుకే నేను చదరపు గళ్లు తప్ప మరేదీ అనుమతించను.

మీ ముందున్న కంప్యూటర్లలో ఆ కుప్పపడ్డ పామునే ఉంచాను. దయచేసి మౌసు అందుకోండి.