ఇటుక రంగా, గంధం రంగా? ఒంగోలులో అక్కావాళ్ళ హాలు

అందరికీ నమస్తే అండీ. ఈరోజు ఒంగోలులో మా అక్కావాళ్ళ ఇంట్లో ఉన్నాను. హాలుకి రంగులు వేయించాలి. షేడ్ కార్డు తిప్పి తిప్పి రెండు దగ్గర ఆగాం. ఒకటి టెర్రకోట, అంటే మన ఇటుక రంగు. రెండోది గంధం రంగు.

ముందు నేల చూడండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. నల్ల రాయిలో ఈ రాగి చుక్కలు కనిపిస్తున్నాయా? పక్కన ఇటుక రంగు ముక్క పెడుతున్నా. ఆ చుక్కల్లోంచి తీసినట్టే ఉంది కదా! అక్క మనసు దీని మీదే పడింది. అమ్మేమో, "మన పాత అరుగుకి పూసే జాజు రంగే కదా నాయనా ఇది" అంది.

కానీ ఈ హాలుకి ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరానికి. కింద నలుపు, చుట్టూ ముదురు రంగు అయితే పగలే లైటు వేసుకోవాలి. కొన్ని కార్డుల వెనక ఎల్ఆర్‌వీ అని ఒక నంబరు ఉంటుంది. గోడ ఎంత వెలుతురుని తిరిగి ఇస్తుందో అది చెబుతుంది. నలుపుకి 0, తెలుపుకి 100. ఇటుక రంగులకి మామూలుగా 30 లోపే, లేత గంధానికి 50 పైనే.

అందుకే లప్పం, ప్రైమర్ అయిన గోడ మీద రెండడుగుల పట్టీలు రెండు వేయించి, రెండు రోజులు చూశాం. రాత్రి తెల్ల ట్యూబ్‌లైటు కింద ఇటుక రంగులో ఎరుపంతా చచ్చిపోయి, తడిసిన అట్టలా కనిపించింది. అక్క ముఖం వాడిపోయింది. అదే చోట 3000 కెల్విన్ బల్బు, అంటే పసుపు వెలుతురు ఇచ్చేది, పెట్టాం. గోడ మళ్ళీ వెచ్చబడింది! గంధం మాత్రం రెండు లైట్లకీ పెద్దగా మారలేదు.

నా మాటగా మూడు గోడలకి గంధం, టీవీ గోడ ఒక్కదానికి ఇటుక రంగు అన్నాను. రెండూ కలుస్తాయా అని బావగారికి అనుమానం. మట్టిలో ఈ రెండు రంగులూ ఇనుము వల్లే వస్తాయండీ. పసుపు మట్టిని కాలిస్తే ఎర్రబడుతుంది. అందుకే పక్కపక్కన పెట్టినా కొట్టుకోవు.

బయట వాన కొట్టే గోడకి మాత్రం లోపల ఇటుక రంగు వద్దన్నాను. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. చెమ్మ దిగి ఉప్పు పూస్తే ముదురు రంగు మీద తెల్లగా బయటపడుతుంది. టీవీ గోడ లోపలిది, ఆ టెన్షన్ లేదు. పెయింటర్ సోమవారం వస్తానన్నాడు.