ఎఫ్ సెవెన్ మీద గౌరీమనోహరి

సభకు నమస్కారం.

మహతి ఆడిటోరియంలో కచేరీ వింటూ, కల్పనస్వరం ఎడుపుకు, అంటే పాట ఎత్తుకునే చోటుకు, వచ్చి చేరే క్షణం కోసం ఒడిలో తాళం వేసుకునే తిరుపతి శ్రోతలకు జాజ్ సోలో మరీ కొత్త విషయమేమీ కాదని నా నమ్మకం. పాట ఒకసారి వాయించడం పూర్తయ్యాక దాని కార్డుల (ఒకేసారి పలికే స్వరాల గుంపుల) వరుస ఆవర్తం వెంట ఆవర్తంగా తిరుగుతూనే ఉంటుంది. వాద్యకారుడు దానిమీద అప్పటికప్పుడు స్వరాలు కల్పిస్తాడు.

జోసెఫ్ కోస్మా 1945లో స్వరపరచిన ‘ఆటమ్ లీవ్స్’ను తీసుకుందాం. జి మైనర్‌లో వాయిస్తే అది సి మైనర్ సెవెన్‌తో మొదలై, ఎఫ్ సెవెన్ మీదుగా బి ఫ్లాట్ మేజర్ సెవెన్‌కు చేరుతుంది. నడుమనున్న ఎఫ్ సెవెన్, అంటే ఎఫ్ (F), ఏ (A), సి (C), ఈ ఫ్లాట్ (E♭) కలిసిన కార్డే, ఈనాటి మన విషయం. ఎఫ్‌ను షడ్జమం చేసుకుంటే ‘ఏ’ అంతర గాంధారం, ‘ఈ ఫ్లాట్’ కైశికి నిషాదం. ఇప్పుడు షడ్జమాన్ని బి మీదికి మార్చండి: ‘ఈ ఫ్లాట్’ అంతర గాంధారమవుతుంది, ‘ఏ’ కైశికి నిషాదమవుతుంది. కార్డుకు ప్రాణమైన ఆ రెండు స్వరాలూ ఉన్నచోటనే ఉండి, పేర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకున్నాయి. అందువల్లనే పియానో ఎఫ్ సెవెన్‌నే పలికిస్తున్నా, సోలో వాయించేవారు మనసులో బి సెవెన్‌ను నిలుపుకొని వాయించగలరు. ఒక కార్డుకు బదులు దానికి మూడు పూర్ణస్వరాల (ట్రైటోన్) దూరంలోని కార్డును తలచే ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అనేది ఇదే.

మరి ఏ స్వరాలు వాయించాలి? ఎఫ్ షార్ప్ షడ్జమంగా గౌరీమనోహరి రాగ స్వరాలు వాయించండి; జాజ్ వారు దీనిని మెలోడిక్ మైనర్ అంటారు. అవే స్వరాలను బి నుంచి చూస్తే వాచస్పతి, ఎఫ్ నుంచి చూస్తే పంచమం లేని వరుస. పంచమం లేదు కనుక మనం దానిని మేళకర్తగా (ఏడు స్వరాల మూలరాగంగా) అంగీకరించము. కాని ఆల్టర్డ్ స్కేల్ అన్న పేరుతో ఫ్యూజన్ వాద్యకారులు కోరి వాడేది దానినే, ఎందుకంటే పంచమానికి బదులు దానికి అటూ ఇటూ ఉన్న బి, సి షార్ప్ వంటి స్వరాలు రావడం వల్ల ఎఫ్ సెవెన్ మీద తీవ్రమైన ఒత్తిడి పుడుతుంది. ఇది రాగం కాదనీ, గమకాలు వేస్తే కార్డుతో పొందిక చెడుతుందనీ గిటారు పట్టిన మన వీణ, వయొలిన్ విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

 

నా దృష్టిలో ఒత్తిడిని పుట్టించడం కంటే దానిని దించడం కష్టం. బార్ (తాళపు ఒక భాగం) మారి బి ఫ్లాట్ కార్డు వచ్చే వేళకు బి అర్ధస్వరం దిగి బి ఫ్లాట్ మీద, లేదా సి షార్ప్ అర్ధస్వరం ఎక్కి డి మీద నిలవాలి. అక్కడ తడబడితే అంతకుముందు వాయించినదంతా అపస్వరంగానే వినిపిస్తుంది. ఇంట్లో సాధనకు శ్రుతిపెట్టెను ఎఫ్‌కు పెట్టి మధ్యమ శ్రుతి (షడ్జమంతో పాటు మధ్యమం పలికేలా) చేసుకోండి. చేరవలసిన బి ఫ్లాట్ ఎప్పుడూ చెవిలో ఉంటుంది.

ఇప్పుడు ‘ఆటమ్ లీవ్స్’ మొదటి నాలుగు బార్లను మొదట ఉన్నది ఉన్నట్టుగా, తరువాత మార్పుతో వాయించి వినిపిస్తాను.