క్రూజ్‌కి ఫ్లైట్ టికెట్: ఓడ కంపెనీ దగ్గర కొనాలా, మనమే విడిగా కొనుక్కోవాలా?

[తెర మీద: బుకింగ్ పేజీలో ఫ్లైట్ గురించి అడిగే చోటు]

క్యాబిన్ ఎంచుకున్నారు, డిన్నర్ టైమ్ ఎంచుకున్నారు, ఇక డబ్బు కట్టబోతుంటే ఓడ కంపెనీ ఇంకో మాట అడుగుతుంది, విమానం టికెట్లు కూడా మా దగ్గరే తీసుకుంటారా అని. ప్రిన్సెస్ వాళ్లు దీన్ని ఈజీ ఎయిర్ అంటారు, హాలండ్ అమెరికా వాళ్లు ఫ్లైట్ ఈజ్ అంటారు, వైకింగ్‌కి వైకింగ్ ఎయిర్ ఉంది. పేరు ఏదైతేనేం, మీ తరఫున ఎయిర్‌లైన్ టికెట్ వాళ్లు కొనిపెడతారు. ఇక్కడ చాలామంది రేటు కూడా చూడకుండా సరే అనేస్తారు, ఎందుకంటే ఎవరో చెప్పి ఉంటారు, కంపెనీ దగ్గర కొంటే మన ఫ్లైట్ లేటైనా ఓడ ఆగుతుందని.

ఆగదండీ.

ఈ ఒక్క అపోహ పోతే మిగతా లెక్కంతా సులువవుతుంది, అందుకే దీని మీదే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఓడ కదలడానికి ఒక టైమ్ ఉంటుంది, ఆ టైమ్‌కే ఓడని రేవు దాటించే రేవు పైలట్ వస్తాడు, కొన్ని రేవుల్లో ఆటుపోట్లు చూసుకోవాలి, తర్వాతి ఊళ్లో బెర్త్, అంటే ఓడని కట్టే చోటు, కూడా టైమ్ ప్రకారమే ఇస్తారు. వేలమంది ఎక్కి కూర్చున్న ఓడని ఇద్దరు ముగ్గురి కోసం నిలబెట్టరు. ఒకే విమానంలో పెద్ద గుంపు వస్తోందనుకోండి, అందులోనూ కంపెనీయే మాట్లాడిన చార్టర్ ఫ్లైట్ అయితే, కాసేపు ఆగొచ్చు. అంతమందిని తర్వాతి రేవుకి చేర్చే ఖర్చు కన్నా ఆ కాసేపు ఆగడమే చవక కాబట్టి.

మరి వాళ్ల దగ్గర కొంటే నిజంగా దొరికేదేంటి? మీరు ఏ ఫ్లైట్‌లో వస్తున్నారో వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది. లేటైతే ఫోన్ చేయడానికి ఎమర్జెన్సీ నంబర్ ఉంటుంది. ఓడ వెళ్లిపోతే తర్వాతి రేవులో మిమ్మల్ని ఎక్కించడానికి వాళ్లు ఏర్పాట్లు చూస్తారు. ఇది చిన్న సాయమేమీ కాదు, తెలియని ఎయిర్‌పోర్ట్‌లో రాత్రి 10 గంటలకి పిల్లలతో కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. కానీ ఆ కొత్త టికెట్‌కీ, మధ్యలో హోటల్‌కీ డబ్బు ఎవరు పెట్టుకుంటారన్నది కంపెనీని బట్టి, మీరు తీసుకున్న టికెట్ రకాన్ని బట్టి మారిపోతుంది. కొందరు మొత్తం భరిస్తారు, కొందరు ఏర్పాటు మాత్రం చేసిపెట్టి బిల్లు మీ చేతిలో పెడతారు. కొనేముందు షరతుల పేజీలో ఆ ఒక్క లైన్ వెతికి చదవండి. మిగతా పేజీ ఎలాగూ ఎవరూ చదవరు.

[తెర మీద: మ్యాప్, ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి చివితావెక్కియా రేవు వరకు]

ఒక ఉదాహరణ దగ్గర నుంచి చూద్దాం. రోమ్ నుంచి క్రూజ్ అంటారు గానీ ఓడ ఎక్కేది రోమ్‌లో కాదు, చివితావెక్కియాలో. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి అక్కడికి 60 కిలోమీటర్ల పైనే. ఓడ సాయంత్రం 5కి, మీ ఫ్లైట్ దిగేది ఉదయం 11:30కి. కాగితం మీద చూస్తే ఐదున్నర గంటలు చేతిలో ఉన్నట్టే. ఇప్పుడు తీసేయడం మొదలుపెట్టండి. చెకిన్ ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు, అంటే అసలు గడువు మూడున్నర. విమానం గేటుకి చేరి తలుపులు తెరిచేసరికే కొంత టైమ్ పోతుంది, పాస్‌పోర్ట్ క్యూ ఎంతుంటుందో చెప్పలేం, తర్వాత బెల్టు దగ్గర సూట్‌కేస్ కోసం నిలబడాలి, ఆపైన గంట దాకా రోడ్డు మీద. అన్నీ సవ్యంగా జరిగితే చేరతారు. ఎక్కడో కనెక్షన్‌లో రెండు గంటలు పోయాయా, ఇక టెన్షన్ మొదలు.

ఇంకా ఘోరం ఏంటంటే, ఓడ కళ్లెదుటే కట్టేసి ఉన్నా ఎక్కనివ్వకపోవచ్చు. అమెరికా రేవుల్లో అయితే ఓడ బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందు ప్రయాణికుల జాబితా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్‌కి, అంటే అక్కడి సరిహద్దు అధికారులకి, వెళ్లిపోవాలి. ఆ జాబితా మూశాక మీరు ఎంత బతిమాలినా కౌంటర్ దగ్గరున్న మనిషి చేతిలో ఏమీ ఉండదు.

సరే, తర్వాతి రేవులో ఎక్కుతాం అంటారా? అక్కడ ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది, విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో మనిషిని ఎక్కించుకుని, దూరపు విదేశీ రేవు ఏదీ తాకకుండా, వేరే అమెరికా రేవులో దించకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. మీరు సియాటిల్‌లో అలాస్కా ఓడ తప్పిపోయి, విమానంలో అలాస్కాలోని జూనో వెళ్లి అక్కడ ఎక్కి, సియాటిల్‌లో దిగుతామన్నారనుకోండి, ఆ చట్టం అడ్డొస్తుంది. మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగినా లెక్కలోకి రాదు, అది దగ్గరి రేవు కాబట్టి. టికెట్ ఎవరి దగ్గర కొన్నారన్నదానితో ఈ చట్టానికి సంబంధం లేదు. హవాయిలో తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికాకి ఈ బాధ లేదు, దాని మీద ఉన్నది అమెరికా జెండానే.

పాస్‌పోర్ట్ సంగతి కూడా చెప్పేస్తాను. అమెరికా పౌరులు ఎక్కిన రేవులోనే దిగే క్రూజ్‌లకి చాలావరకు బర్త్ సర్టిఫికెట్, ఫోటో ఐడీతో వెళ్లిపోవచ్చు. ఓడ తప్పిపోయి కరీబియన్‌లోని తర్వాతి దీవికి విమానంలో వెళ్లాలంటే మాత్రం పాస్‌పోర్ట్ పుస్తకం ఉండాల్సిందే. ఇతర దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లైతే ఆ దీవికి వీసా కావాలా అన్నది ఇంట్లో ఉండగానే చూసి పెట్టుకోండి.

ఇదంతా విన్నాక నేను చెప్పేది ఒక్కటే, టికెట్ ఎవరి దగ్గరైనా కొనండి, ఒక రోజు ముందే ఆ ఊరు చేరండి. హోటల్ ఖర్చు ఉంటుంది, నిజమే. కానీ ముందురోజే చేరిపోతే, కంపెనీ దగ్గర కొనడానికి అందరూ చెప్పే పెద్ద కారణం దాదాపు మాయమైపోతుంది. మిగిలేవి రెండే ప్రశ్నలు, రేటెంత, టికెట్ మీద పెత్తనం ఎవరిది. ఒక మెలిక ఉంది చూసుకోండి: ఫ్లైట్లతో కలిపి అమ్మే ప్యాకేజీల్లో కంపెనీ తనంతట తాను చాలాసార్లు ఓడ ఎక్కే రోజుకే ఫ్లైట్ వేస్తుంది. ఒక రోజు ముందు కావాలంటే మీరే అడగాలి, దానికి కొన్నిచోట్ల విడిగా ఫీజు కూడా తీసుకుంటారు.

పెత్తనం సంగతి చాలామందికి టికెట్ చేతికొచ్చాకే తెలుస్తుంది. కంపెనీలు ఎయిర్‌లైన్లతో ముందే మాట్లాడుకున్న కాంట్రాక్ట్ రేట్లు ఉంటాయి, చవగ్గా దొరికేది అందుకే. ఆ చవకకి ముడిపడి షరతులూ ఉంటాయి. మార్పులు కుదరకపోవచ్చు, మైల్స్ తక్కువ పడొచ్చు, కొన్నింటికి అప్‌గ్రేడ్ ఉండదు. అసలు టికెట్ కూడా వెంటనే ఇవ్వరు, చాలా కంపెనీల్లో క్రూజ్ డబ్బు పూర్తిగా కట్టాకే జారీ అవుతుంది, అప్పటిదాకా కొన్ని ఎయిర్‌లైన్లలో సీటు కూడా ఎంచుకోలేరు. మీ దగ్గర రెండు నంబర్లు ఉంటాయి, ఒకటి క్రూజ్ బుకింగ్‌ది, ఇంకోటి ఎయిర్‌లైన్ పీఎన్ఆర్, ఆరు అక్షరాలది. ఆ రెండోది అడిగి తీసుకుని ఎయిర్‌లైన్ యాప్‌లో వేసి చూసుకోండి. మధ్యలో ఎయిర్‌లైన్ టైమింగులు మార్చి, మీ కనెక్షన్‌ని 40 నిమిషాలకి కుదించేసిందనుకోండి, మీరు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పేది ఒకటే, మీ ఏజెన్సీతో మాట్లాడండి అని. ఆ ఏజెన్సీ అంటే ఓడ కంపెనీ. అక్కడ హోల్డ్‌లో పాట వింటూ కూర్చోవాలి. ప్రయాణం రోజున మాత్రం వేరు, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే చాలావరకు ఎయిర్‌లైన్ కౌంటర్ వాళ్లే వేరే దాంట్లో ఎక్కిస్తారు.

నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే ఈ మధ్యవర్తి ఉండడు. పైగా అమెరికా నియమం ప్రకారం, ప్రయాణానికి 7 రోజులు లేదా అంతకన్నా ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు క్యాన్సిల్ చేసుకుంటే పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండా ఆ రేటుని 24 గంటలు పట్టి ఉంచాలి. ఏజెన్సీల మీద ఈ బాధ్యత లేదు. యూరప్‌లో 261/2004 నియమం కింద, ఎయిర్‌లైన్ తప్పు వల్ల బాగా లేటైతే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం వస్తుంది, అది మాత్రం టికెట్ ఎవరు అమ్మినా మీ హక్కే.

అలాగని ఓడ కంపెనీ టికెట్ దండగ అనను. కొన్నిచోట్ల కళ్లుమూసుకుని వాళ్ల దగ్గరే తీసుకోవచ్చు. ఒక ఖండంలో ఎక్కి ఇంకో ఖండంలో దిగే క్రూజ్‌లు ఉంటాయి కదా, బార్సిలోనాలో ఎక్కి మయామీలో దిగేలాంటివి, వాటికి వన్ వే టికెట్ కావాలి, అంతర్జాతీయ వన్ వే ఒక్కోసారి రిటర్న్ టికెట్ కన్నా ఖరీదుంటుంది. అలాంటి చోట కాంట్రాక్ట్ రేటు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బిజినెస్ క్లాస్‌లో కూడా అప్పుడప్పుడు మంచి బేరాలు తగులుతాయి. ఇంకోటి, క్రూజ్‌నే కంపెనీ రద్దు చేస్తే వాళ్ల దగ్గర కొన్న ఫ్లైట్ డబ్బు కూడా దాంతోపాటే వెనక్కొస్తుంది, మీరు విడిగా కొన్న నాన్ రీఫండబుల్ టికెట్ మాత్రం మీ నెత్తినే ఉంటుంది. 2020లో ఓడలన్నీ ఆగిపోయినప్పుడు ఈ తేడా చాలామందికి బాగా తెలిసొచ్చింది. బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో ఫ్లైట్, క్రూజ్ కలిపి ప్యాకేజీగా కొంటే అమ్మినవాళ్లకి మొత్తం ప్రయాణం మీద చట్టపరమైన బాధ్యత ఉంటుంది. అక్కడ కొనేవాళ్లకి నా సలహా కాస్త కంపెనీ వైపే మొగ్గుతుంది.

రేటు పోల్చేటప్పుడు ‘ఫ్లైట్ ఉచితం’ అన్న బోర్డు చూసి పడిపోకండి. ఫ్లైట్ వద్దంటే క్రూజ్ రేటు ఎంత తగ్గుతుందో అడగండి, ఆ తగ్గేదే మీ ఫ్లైట్ అసలు ధర. అవే తేదీలు, అదే ఫ్లైట్ నంబర్, బ్యాగుల ఫీజు, ఎయిర్‌పోర్ట్ నుంచి రేవుకి బస్సు అందులో ఉందా లేదా, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే లెక్క తేలుతుంది. క్రూజ్‌లు రెండేళ్ల ముందే అమ్ముతారు గానీ ఎయిర్‌లైన్లు సాధారణంగా 11 నెలల ముందే టికెట్లు తెరుస్తాయి, కాబట్టి క్రూజ్ బుక్ చేసిన రోజే ఫ్లైట్ కూడా తేల్చేయాలన్న తొందర అక్కర్లేదు.

విడిగా కొనేవాళ్లకి ముఖ్యమైంది ఒకటుంది. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లు కొని మొదటిది లేటై రెండోది తప్పిపోతే, రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు, లగేజీ కూడా మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. ఆ ఊరికి రోజులో ఇంకా రెండు మూడు ఫ్లైట్లు ఉండగా వెళ్లేది ఎంచుకోండి, ఆఖరి ఫ్లైట్ వద్దు. మిస్డ్ కనెక్షన్ కవర్ అయ్యే ఇన్సూరెన్స్ తీసుకోండి, ఎన్ని గంటలు లేటైతే వర్తిస్తుందో చదివి మరీ తీసుకోండి. చలికాలంలో అయితే నేను రెండు రోజులు ముందు వెళ్లమంటాను. 2022 డిసెంబర్‌లో అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 16 వేలకు పైగా ఫ్లైట్లు రద్దు చేసింది, 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ దెబ్బకి డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక్కటే దాదాపు 7 వేలు రద్దు చేసింది. అలాంటి వారంలో ఒక్క రోజు సరిపోదు.

[తెర మీద: పొగమంచులో గాల్వెస్టన్ రేవు]

తిరుగు ఫ్లైట్ గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఓడ పొద్దున 6, 7 గంటలకి రేవుకి వస్తుంది కదా అని 10 గంటల ఫ్లైట్ వేసేస్తారు. అధికారులు క్లియరెన్స్ ఇవ్వాలి, అంతస్తుల వారీగా దించుతారు, మీ సూట్‌కేస్ రాత్రే బయట పెట్టేసి ఉంటే దాన్ని టెర్మినల్‌లో వెతుక్కోవాలి. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఎయిర్‌పోర్ట్ రేవు పక్కనే కాబట్టి అక్కడ కాస్త ధైర్యం చేయొచ్చు. పోర్ట్ కెనావెరాల్ నుంచి ఓర్లాండో 70 కిలోమీటర్లు, సౌతాంప్టన్ నుంచి హీత్రో 100 దాటుతుంది, గాల్వెస్టన్ నుంచి హ్యూస్టన్ పెద్ద ఎయిర్‌పోర్ట్ ఇంకా ఎక్కువ. ఇలాంటి చోట్ల మధ్యాహ్నం ఒంటి గంట తర్వాతే చూసుకోండి. గాల్వెస్టన్, టాంపా రేవులని చలికాలంలో పొగమంచుకి గంటల తరబడి మూసేస్తుంటారు, ఓడ బయట సముద్రంలో నిలబడిపోతుంది. ఆ సీజన్‌లో కంపెనీ టికెట్ ఉంటే వాళ్ల ఎయిర్ డెస్క్ మిమ్మల్ని వేరే ఫ్లైట్‌కి మారుస్తుంది, సొంత టికెట్ అయితే మాత్రం ఫీజు లేకుండా మార్చుకునేదే కొని, ఫోన్‌లో ఎయిర్‌లైన్ యాప్ ముందే పెట్టుకుని, ఓడలో వైఫై ఆ చివరి రోజుకి కూడా ఉండేలా తీసుకోండి, ఎందుకంటే పొగమంచు అని కెప్టెన్ మైకులో చెప్పగానే ఓడలో ఉన్నవాళ్లంతా సాయంత్రం ఫ్లైట్లలో మిగిలిన సీట్ల మీదే పడతారు.