చెప్పులు, విమానం, సెలవు రోజు

కడప జిల్లా శ్రోతలందరికీ నమస్కారం.

మా వీధిలో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఈమధ్య ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లి, మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. ‘ఏమైందమ్మా?’ అంటే, ‘హౌ ఆఫెన్ డూ యూ టేక్ ఎ డే ఆఫ్ అని అడిగారు సార్. టేక్ ఆఫ్ అంటే విమానం ఎగరడమనే నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో నోరు పెగల్లేదు’ అంది. బాగా చదివే పిల్లే. మాటకు ఒక్క అర్థం రాయించి బట్టీ పట్టించింది మేమే, బళ్లలో. అందుకే ఈరోజు ఆ ఒక్క టేక్ ఆఫ్ గురించే మాట్లాడతాను.

టేక్ అంటే తీయడం, తీసుకోవడం. అసలు పనంతా పక్కనున్న ఆఫ్‌ది. విడివడటం దాని గుణం. దేవుని కడప గుడి ముందైనా, పెద్ద దర్గా వాకిట్లోనైనా మనం చెప్పులు విడుస్తాం కదా, అదే టేక్ ఆఫ్. 2021లో ఓర్వకల్లు దగ్గర మొదలైన కర్నూలు విమానాశ్రయంలో విమానం లేస్తే, అది నేలను విడిచింది. విమానాలు పుట్టకముందే, గుర్రం దూకడానికి నేల వదలడాన్నీ ఇంగ్లీషువాళ్లు ఇలాగే చెప్పేవారు. బట్టల కొట్లో వంద రూపాయలు తగ్గించారా? ధరలోంచి ఆ వంద విడిపోయింది. సోమవారం పనికి రానంటే, పనిలోంచి ఆ రోజును విడదీసుకున్నట్టు: ఐ యామ్ టేకింగ్ మండే ఆఫ్.

ఉన్నట్టుండి వెళ్లిపోయినా, కొత్తగా పెట్టిన హోటల్ ఒక్కసారిగా బాగా నడిచినా ఇదే మాట. ఒకరి గొంతును, నడకను అనుకరించి నవ్వించడాన్ని కూడా బ్రిటన్‌లో ఇలాగే అంటారు. దీన్ని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలా అని బెదిరిపోకండి. మన ‘పట్టు’ను చూడండి. నిద్ర పట్టింది, ముసురు పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, ఊరి దారి పట్టాడు, పనికి రెండు రోజులు పట్టింది. ఇవి మనకు ఏ పంతులూ నేర్పలేదు. వాక్యంలో విని, వాక్యంలోనే అన్నాం. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొరకు ఇవన్నీ కొత్తే. పండితులను దగ్గర పెట్టుకుని ఓపిగ్గా పోగుచేశాడు. 1852 నాటి ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే మాటల కింద వాడుకలు కూడా కనిపిస్తాయి. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పిల్లల్ని ఒక ఆదివారం తీసుకెళ్లి, నిఘంటువులో ‘పట్టు’ చూపించండి.

ఇంకొక్క సంగతి. షూస్ అనే మాటను ఆఫ్‌కు ముందూ పెట్టొచ్చు, తర్వాతా పెట్టొచ్చు. ఇట్, దెమ్ అన్నప్పుడు మాత్రం మధ్యలోనే రావాలి: టేక్ దెమ్ ఆఫ్. టేక్ ఆఫ్ దెమ్ అనకూడదు.

ఆ అమ్మాయిని ఈ మాటతో సొంతంగా ఐదు వాక్యాలు రాసుకు రమ్మన్నాను. నిన్న తెచ్చి చూపించింది. వాళ్లమ్మ కూలి పనికి వెళ్తుంది. ఐదో వాక్యం ఇది: మై మదర్ హ్యాజ్ నెవర్ టేకెన్ ఎ డే ఆఫ్.